గంజాయి: మందెంత? మత్తెంత? రైతుకు మిగులునదెంత?

"గంజాయి మందుమొక్కేనటండీ! పై దేశాల్లో డాక్టర్లే రాసిస్తున్నారట. రేపో మాపో మనకూ లైసెన్సులొస్తాయట. ఇప్పుడు నాలుగు మొక్కలేసుకుంటే తప్పేముంది?"

సంతలలోను, టీ కొట్లవద్దను ఇటువంటి మాటలు వినబడుచుండును. ఈ మాటలలో సగము నిజమున్నది. మిగిలిన సగము తెలియకనే కొండప్రాంతములందు ఎందరో రైతులు పంటను పోగొట్టుకొని కేసుల పాలైరి. కావున ఈ మొక్కను గురించి వైద్యశాస్త్రమేమి చెప్పుచున్నదో, చట్టమేమి చెప్పుచున్నదో రైతులును, గ్రామాధికారులును స్పష్టముగా తెలిసికొనుట అవసరము.

మొక్క పరిచయము

గంజాయి ఏకవార్షిక మొక్క. ఆడమొక్కలు, మగమొక్కలు సాధారణముగా వేరువేరుగా నుండును. ఆడమొక్కల పూతలో జిగురువంటి పదార్థము ఊరును. మత్తు కలిగించు గుణము ముఖ్యముగా ఈ జిగురులోనే యున్నది. పూతను ఎండబెట్టినచో గంజాయి, జిగురును వేరుచేసినచో చరస్, ఆకును నూరినచో భంగు. ఈ మూడును ఒకే మొక్కనుండి వచ్చునవే.

ఇచట ఒక సందేహమును తీర్చవలసియున్నది. ఇంగ్లీషులో 'హెంప్' అను పేరు గంజాయి జాతికే గాక మనము పచ్చిరొట్టకు, నారకు వేయు జనుమునకును, గోగునారకును కూడ వాడుకలో నున్నది. జనుము 'సన్ హెంప్', గోగు 'దక్కన్ హెంప్'. వీనికి గంజాయితో ఏ చుట్టరికమును లేదు. గోగు ఆకు గంజాయి ఆకును కొంత పోలియుండుటచే శాస్త్రజ్ఞులు దానికి 'కానబినస్' అను పేరు పెట్టిరి; అంతమాత్రమే. జనుము, గోగు వేయు రైతు భయపడనక్కరలేదు.

నాటి వైద్యములో గంజాయి

మన దేశమున ఈ మొక్కను మందుగా వాడుట పాత సంగతియే. ఆయుర్వేదములో దీనికి 'విజయ' అని పేరు. గ్రహణి, అతిసారములకు వాడు జాతీఫలాది చూర్ణములో భంగు చేరును. అయితే ఆయుర్వేదము దీనిని శుద్ధి చేసి, ఇతర ద్రవ్యములతో కలిపి, మాత్ర నిర్ణయించి వాడుమన్నది. నేటి ఔషధ నిబంధనలును దీనిని విషద్రవ్యముల పట్టికయందే చేర్చి, వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెనని శాసించుచున్నవి.

పాశ్చాత్య వైద్యమునకు ఈ మొక్కను పరిచయము చేసినదియు మన గడ్డపైననే. కలకత్తా వైద్య కళాశాలలో ఆచార్యుడుగా నుండిన ఓషానెస్సీ అను ఐరిష్ వైద్యుడు మొదట జంతువులపైనను, తరువాత రోగులపైనను ప్రయోగించి 1839లో తన ఫలితములను ప్రకటించెను. కీళ్లవాతము, కలరా, ధనుర్వాతము, పసిపిల్లల మూర్ఛలలో దీనిని వాడిచూచెను. పిచ్చికుక్క కాటువలన వచ్చు జబ్బును ఇది కుదర్చజాలదనియు, బాధను మాత్రము కొంత తగ్గించుననియు ఆయన దాచక వ్రాసెను.

ఆ పిమ్మట నూరేండ్లలోపుననే ఈ మందు వెనుకబడినది. కారణము అందరికిని అర్థమగునదే. ఒక చేనిలోని సరకు మరొక చేనిదానితో సమముగా పనిచేయదు. ఒక సీసాలోనిది చాలదు. మరొక సీసాలోనిది ఎక్కువైపోవును. ఇది నీటిలో కరగదు కావున సూదిమందుగా ఇచ్చుట కుదరలేదు. ఇంతలో ఆస్పిరిన్ వంటి మందులు వచ్చినవి. 1932లో బ్రిటిష్ ఔషధ గ్రంథమునుండి గంజాయి తొలగింపబడినది.

నేటి వైద్యశాస్త్రమేమనుచున్నది?

మొక్కలోని రసాయనములను విడదీయుటతో కథ మరల మొదలైనది. 1964లో ఇజ్రాయెల్ దేశపు శాస్త్రజ్ఞులు గావోని, మెకూలం అనువారు మత్తు కలిగించు పదార్థమును శుద్ధరూపమున వేరుచేసిరి. దానిని టి.హెచ్.సి. అందురు. సి.బి.డి. అను మరొక పదార్థమునకు మత్తుగుణము లేదు. మన శరీరమే ఈ జాతి పదార్థములను కొద్దిగా తయారుచేసికొనునని తరువాత తేలినది. 1992లో కనుగొన్న అట్టి పదార్థమునకు సంస్కృతములోని 'ఆనంద' శబ్దముతో 'ఆనందమైడ్' అని పేరు పెట్టిరి.

నేడు పరీక్షలకు నిలిచిన ప్రయోజనములు కొన్ని మాత్రమే:

1. క్యాన్సరు మందులు వాడునపుడు వచ్చు వాంతులు, వికారము. టి.హెచ్.సి. మాత్రను అమెరికాలో 1985లోనే ఇందుకు అనుమతించిరి.

2. నరముల పొరలు దెబ్బతిను మల్టిపుల్ స్క్లెరోసిస్ అను జబ్బులో కండరములు బిగుసుకొనుట. నోటిలో చల్లుకొను మందు కొన్ని దేశములలో కలదు.

3. పెద్దలలో దీర్ఘకాలముగా నుండు కొన్ని రకముల నొప్పులు.

4. పిల్లలకు వచ్చు కొన్ని అరుదైన, మొండి మూర్ఛజబ్బులు. సి.బి.డి.తో చేసిన ద్రవౌషధమును 2018లో అమెరికా ఔషధ సంస్థ అనుమతించినది. 1839లో కలకత్తాలో పసిపిల్లల మూర్ఛపై చేసిన ప్రయోగమునకు, కొలత తెలిసిన మందు రూపమున ఇది కొనసాగింపు అనవచ్చును.

మొదటి మూడింటికి తగిన ఆధారమున్నదని అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు 2017లో వెలువరించిన నివేదిక అంగీకరించినది. ఆ నివేదికయే కీడును కూడ చెప్పినది. తరచుగా వాడువారిలో మతిభ్రమణపు జబ్బులు ఎక్కువగా కనబడునని, వాహనము నడుపునపుడు ప్రమాదములు పెరుగునని, గర్భిణి పొగత్రాగినచో శిశువు తక్కువ బరువుతో పుట్టునని అందు కలదు. చిన్నవయసులో మొదలుపెట్టినవారికి హాని అధికము.

క్యాన్సరును, మధుమేహమును, పక్షవాతమును గంజాయి కుదుర్చునని చెప్పువారిని నమ్మరాదు. అట్టి ప్రయోజనము మనుష్యులలో రుజువు కాలేదు. మూర్ఛజబ్బుకు డాక్టరిచ్చిన మాత్రలు మాని ఆకురసము పోయుట ప్రాణాపాయకరము. పశువులకు పారుడు రోగమునకు గంజాయాకు పెట్టు పాత అలవాటు కూడ మానవలెను. పశువైద్యశాలకు తోలుకొనిపోవుటయే మేలు.

మందుపంటకును, మత్తుపంటకును భేదము

మందు అనగా కొలత. ఏ పదార్థము ఎంత మోతాదులో నున్నదో తెలిసి, ఏ రోగికి ఎంత ఇవ్వవలెనో నిర్ణయించి, ప్రతి సీసాలోను ఒకే తీరుగా నింపినపుడే అది మందగును. చాటున పెంచి, గోనెలలో కుక్కి, రాత్రివేళ తరలించు సరకులో ఏమి ఎంత ఉన్నదో ఎవరికిని తెలియదు. ఏ మందుల కంపెనీయు దానిని కొనదు. దానిని కొనువాడు మత్తు వ్యాపారి యొక్కడే.

చట్టబద్ధమైన మందుపంట ఎట్లుండునో తెలిసికొనగోరువారు నల్లమందు సాగును చూడవచ్చును. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో గుర్తించిన ప్రాంతములందు మాత్రమే కేంద్ర నార్కోటిక్స్ శాఖ ఏటేటా లైసెన్సు లిచ్చును. అధికారులు పొలమును కొలుతురు. వచ్చిన నల్లమందునంతను రైతు ప్రభుత్వమునకే అప్పగింపవలెను. నిర్ణయించిన దిగుబడి రానిచో మరుసటి యేట లైసెన్సు దక్కకపోవచ్చును. మార్ఫీను వంటి బాధానివారణ మందుల తయారీకి నల్లమందు అవసరమైనను, ఆ సాగు చేయువానికి ఇన్ని కట్టుబాట్లున్నవి. రేపు గంజాయికి లైసెన్సులు వచ్చినను ఇంతకంటె సులభముగా నుండునని తలపరాదు.

ప్రభుత్వ విధానము: భిన్నాభిప్రాయములు

గంజాయిని నిషేధింపవలెనా, అదుపులో నుంచవలెనా అను చర్చ కొత్తది కాదు. 1893లో బ్రిటిష్ పార్లమెంటు కోరికపై ఒక సంఘము నియమింపబడినది. మాక్‌వర్త్ యంగ్ దానికి అధ్యక్షుడు. దేశమంతట తిరిగి 1,193 మంది సాక్షులను విచారించి 1894లో నివేదిక నిచ్చిరి. మితముగా వాడువారికి పెద్ద కీడు లేదని, మితిమీరినచో హాని కలుగునని, పూర్తి నిషేధము అక్కరలేదని, పన్నుతోను లైసెన్సుతోను అదుపు చేయవలెనని వారి తీర్పు. ఆ పద్ధతిపైననే బెంగాలులో నౌగావ్ ప్రాంతమున, మదరాసు రాజధానిలో మన బాపట్ల తాలూకా సంతరావూరు ప్రాంతమున ప్రభుత్వ పర్యవేక్షణలో సాగు జరిగినది.

కాలము మారినది. 1961లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యమున కుదిరిన ఒప్పందము గంజాయిని మిక్కిలి కఠినమైన పట్టికలో చేర్చినది. మన దేశము 1985లో మాదకద్రవ్యముల చట్టమును తెచ్చినది. భంగు ఆకును మాత్రము 'గంజాయి' నిర్వచనమునుండి మినహాయించి రాష్ట్రముల ఎక్సైజు చట్టములకు విడిచినది.

2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యముల సంఘము 27-25 ఓట్ల తేడాతో గంజాయిని ఆ మిక్కిలి కఠిన పట్టికనుండి తీసివేసినది. భారతదేశము తొలగింపునకు అనుకూలముగానే ఓటు వేసినది. దీనిని విని 'గంజాయిని విడిచిపెట్టినారు' అని కొందరు ప్రచారము చేసిరి. అది నిజము కాదు. వైద్య ప్రయోజనము కొంత కలదని అంగీకరించుట మాత్రమే జరిగినది. గంజాయి అంతర్జాతీయ నియంత్రణలోనే యున్నది. మన చట్టములో ఒక్క అక్షరమును మారలేదు.

నేటి అభిప్రాయములను మూడు విధములుగా చెప్పవచ్చును. యువకుల ఆరోగ్యము, కుటుంబముల శాంతి ముఖ్యము కావున నిషేధము గట్టిగా నుండవలెనని ఒకరు. వాడువానిని రోగిగా చూచి చికిత్స చేయించవలెను, వ్యాపారినే శిక్షింపవలెనని రెండవవారు. సాగును లైసెన్సు క్రిందికి తెచ్చి మందులకు, నారకు వినియోగింపవలెనని మూడవవారు. ఈ మూడింటిలోను ఆలోచింపదగిన అంశములున్నవి. దేశములో గత ఏడాదికాలమున గంజాయి జాతి పదార్థములను వాడినవారు సుమారు 3 కోట్ల 10 లక్షలని 2019లో ప్రకటించిన ఎయిమ్స్ సర్వేలో తేలినది. వారిలో సుమారు 72 లక్షలమందికి ఆ అలవాటు సమస్యగా మారి సహాయము అవసరమైనది. ఇంతమందిని జైళ్లతోనే బాగుచేయజాలము. అట్లని చూచీచూడనట్లు వదలుటయు కుదరదు.

కొన్ని రాష్ట్రములు జాగ్రత్తగా అడుగువేయుచున్నవి. మత్తుగుణము 0.3 శాతమునకు మించని నారరకముల సాగుకు ఉత్తరాఖండ్ 2018లో లైసెన్సు నిచ్చినది. హిమాచలప్రదేశ్ శాసనసభ 2024లో వైద్య, పారిశ్రామిక అవసరములకు నియంత్రిత సాగును పరిశీలించుటకు తీర్మానించినది. జమ్మూలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంటిగ్రేటివ్ మెడిసిన్ అనుమతితో పరిశోధన సాగు చేయుచున్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో రైతుకు ఇట్టి లైసెన్సు నిచ్చు పద్ధతి అమలులో లేదు.

తొందరపడినవారి అనుభవమును కూడ చూడవలెను. థాయిలాండ్ 2022 జూనులో గంజాయిని మాదకద్రవ్యముల పట్టికనుండి తొలగించి, పెంచుకొనుడని ఇళ్లకు మొక్కలు పంచుటకు పూనుకొన్నది. అందరును సాగుకు దిగిరి. సరకు పెరిగి ధర పడిపోయినది. 2025 జూనులో ప్రభుత్వము మరల వెనుకకు మరలి, వైద్యుని చీటీ ఉన్నవారికే అమ్మవలెనని నిబంధన విధించినది. ఏ పంటకైనను కొనువాడెవడో తెలియక విత్తరాదను పెద్దల మాట ఇచటను వర్తించును.

చట్టము రైతుకేమి చెప్పుచున్నది?

1985 నాటి చట్టము ప్రకారము లైసెన్సు లేకుండ గంజాయి మొక్కను పెంచుట నేరము. ఎకరము వేసినను, పెరటిలో నాలుగు మొక్కలు వేసినను సాగు సాగే. శిక్ష 10 సంవత్సరముల వరకు కఠిన కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా. 'మందుకై పెంచితిని' అను మాట రక్షింపదు.

సరకు దగ్గర నుంచుకొనుట, మోయుట, అమ్ముటకు తూకమునుబట్టి శిక్ష యుండును. 1 కిలో లోపు దొరికినచో ఒక సంవత్సరము వరకు కఠిన కారాగారము, లేదా 10 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. అంతకు పైబడి 20 కిలోల వరకు 10 సంవత్సరముల దాక జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. 20 కిలోలకు మించినచో 10 సంవత్సరములకు తక్కువ కాకుండ 20 సంవత్సరముల వరకు జైలు, లక్షకు తగ్గని జరిమానా. బెయిలు దొరకుటయు మిక్కిలి కష్టము. ఒక రాత్రి కూలికి ఒక మూట మోసిన యువకునికి కూడ ఈ శిక్షయే. సరకు యజమాని ఎక్కడనో సుఖముగా నుండును. పట్టుబడునది మూట మోసినవాడు.

తనకై కొద్ది సరకు నుంచుకొని పట్టుబడిన వ్యసనపరుడు, తానుగా ముందుకు వచ్చి గుర్తింపు పొందిన కేంద్రములో చికిత్స పూర్తిచేసికొన్నచో కేసునుండి విముక్తి పొందు అవకాశమును కూడ చట్టమే కల్పించినది. ఈ సంగతి చాలమందికి తెలియదు.

మన ఏజెన్సీలో జరిగినది

పూర్వపు విశాఖ జిల్లా ఏజెన్సీలో, అనగా నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, గంజాయి ఏళ్ల తరబడి పాకినది. 2021 చివర మొదలైన 'పరివర్తన' కార్యక్రమములో పోలీసు, ఎక్సైజు సిబ్బంది వేలాది ఎకరముల పంటను నరికివేసిరి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపమున కోడూరువద్ద సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగులబెట్టిరి.

రైతు ఎందుకు ఈ పంటకు దిగినాడో ఆలోచింపక కేవలము నరికివేయుటచే పని తీరదు. దళారి ఇంటికి వచ్చి విత్తనమిచ్చును, పెట్టుబడి ముందుగా చేతిలో పెట్టును, సరకు పొలమువద్దనే ఎత్తుకొనిపోవును. కాఫీ మొక్క వేసిన రైతు మూడు నాలుగేండ్లు కాపునకై వేచియుండవలెను. రోడ్డు లేని గూడెమునుండి రాజ్‌మా మూట సంతకు చేర్చుట కష్టము. ఈ చిక్కులను కాదని చెప్పుట నిజాయితీ కాదు.

దారి మాత్రము లేకపోలేదు. సిల్వర్‌ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లపైకి ప్రాకించిన మిరియము రెండును కలిసి దీర్ఘకాలము ఆదాయమిచ్చును. అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. కాఫీ కాపునకు వచ్చువరకు చింతపల్లి ప్రాంతమున పేరుపొందిన రాజ్‌మా, పసుపు, చిరుధాన్యములు, కూరగాయలు ఇల్లు గడుపుటకు తోడ్పడును. రాజ్‌మా సుమారు మూడు నెలల పంట. గిరిజన సహకార సంస్థ కాఫీ, మిరియములు, పసుపు మొదలైనవి కొనుగోలు చేయుచున్నది. విత్తనము, సస్యరక్షణ విషయమై చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానమును సంప్రదింపవచ్చును. ఈ పంటలలో ఒక్క రాత్రిలో వచ్చు డబ్బు లేదు. కాని సంతలో పట్టపగలు అమ్ముకొనవచ్చును. బ్యాంకులో అప్పు అడుగవచ్చును. బిడ్డను ధైర్యముగా పట్టణమునకు చదువుకు పంపవచ్చును.

గ్రామాధికారుల కర్తవ్యము

ఈ చట్టములో గ్రామాధికారులపై ప్రత్యేకమైన బాధ్యత యున్నది. తన భూమిలో ఎవరైనను గంజాయి పెంచుచున్నట్లు తెలిసిన భూస్వాధీనదారుడు వెంటనే తెలుపవలెనని 46వ సెక్షను చెప్పుచున్నది. ప్రభుత్వోద్యోగి, పంచాయతి సభ్యుడు, సర్పంచి, ఏ పేరుతో నున్న గ్రామాధికారి యైనను తమకు తెలిసినంతనే సమాచారమివ్వవలెనని 47వ సెక్షను శాసించుచున్నది. తెలిసియు ఉపేక్షించినవారు శిక్షార్హులు. కౌలుకిచ్చిన భూమిలో ఏమి పెరుగుచున్నదో చూచుకొనుట యజమానికి కూడ క్షేమము.

అయితే సమాచారమిచ్చుట ఒక్కటే కర్తవ్యమనుకొనరాదు. విత్తుటకు ముందే గూడెములలో సభ జరిపి చట్టమును వివరింపవలెను. దళారి అప్పులో చిక్కిన కుటుంబములను గుర్తించి వారికి ప్రత్యామ్నాయ పంటల విత్తనము, బ్యాంకు ఋణము ముందుగా అందునట్లు చూడవలెను. అలవాటుపడిన యువకులను వెక్కిరింపక చికిత్సకు పంపవలెను. ఇందుకు 14446 నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును. అక్రమ సాగు, రవాణాల సమాచారమును 1933 నంబరుకు తెలుపవచ్చును.

రైతులు గుర్తుంచుకొనవలసినవి

1. గంజాయిలో ఔషధగుణము కలదు. అది కొన్ని జబ్బులకే. కొలిచి తయారుచేసినపుడే, వైద్యుని చేతిమీదుగానే మందగును.

2. లైసెన్సు లేని సాగు, ఒక్క మొక్కయైనను నేరము. మన రాష్ట్రములో రైతుకు లైసెన్సు లేదు.

3. 'లైసెన్సు ఇప్పించెదను, విత్తనము కొనుడు' అని డబ్బడుగువానిని నమ్మరాదు. నిజముగా అనుమతులు వచ్చిననాడు ఆ మాట ప్రభుత్వ ఉత్తర్వు రూపమున వ్యవసాయశాఖ ద్వారానే మీకు అందును.

4. తెలియనివాని మూటను తెలిసినవాడు అడిగినను మోయరాదు.

5. జనుము, గోగు సాగుకు ఏ ఆటంకమును లేదు.

విధానములు రేపు మారవచ్చును, మారకపోవచ్చును. వానిని శాసనసభలు, శాస్త్రజ్ఞులు చర్చించి నిర్ణయింతురు. రైతు కూడ పౌరుడుగా తన అభిప్రాయమును చెప్పవచ్చును. కాని విత్తు నాటవలసినది నేటి చట్టమును చూచి. రానున్న చట్టమును నమ్ముకొని నేడు వేసిన పంటకు కోతకు వచ్చువారు పోలీసులే.